స్కిజమ్ ట్రాకర్ రివ్యూ: పాడైందనుకున్న శాంపిల్‌ను తిరిగిచ్చిన ఆల్ట్-ఏ

పాత హార్డ్ డిస్క్ సర్దుతుంటే ఒక ఫోల్డర్ బయటపడింది. అందులో 212 ఫైళ్ళు. అన్నీ పొట్టి పేర్లే: కిక్1, తలుపు, గ్లాసు3, అక్క4. ఎక్స్‌టెన్షన్లు లేవు. అన్నీ శాంపిళ్ళు, అంటే పాటల్లో వాడుకునే చిన్న ధ్వని ముక్కలు. అప్పట్లో నేను వాడిన శాంప్లర్ ప్రోగ్రాం ధ్వనిని అలాగే దాచేది. ముందు ఏ వివరమూ రాయదు, ఉత్త బైట్ల వరస. ఆ ప్రోగ్రాం ఇప్పుడు నా ఏ కంప్యూటర్‌లోనూ తెరుచుకోదు. నేను ముందుగా వెతికింది అక్క4 కోసం. సైజు 44,100 బైట్లు. సెకనుకు 11,025 కొలతలు (వీటినీ శాంపిళ్ళనే అంటారు), ఒక్కోటి 8 బిట్లు, మోనో. అప్పట్లో నా అలవాటు అదే. అంటే సరిగ్గా నాలుగు సెకన్లు. అందులో ఉన్నది మా అక్క పెదవులు కదపకుండా తీసిన చిన్న కూనిరాగం.

ఒక ఆడియో ఎడిటర్‌లో తెరిచి ప్లే చేస్తే గరగరమని ఒకటే మోత. చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టేశాను. స్క్రీన్ మీద ధ్వనిని చూపే గీత మధ్యలో ఉండాల్సింది పోయి పైఅంచుకీ కిందిఅంచుకీ అతుక్కుని ఉంది, మధ్యంతా ఖాళీ. డిస్క్ పాడైందనుకున్నాను. ఎడిటర్ దాన్ని 8 బిట్ల వేవ్ ఫైలుగా మార్చి ఇచ్చింది, దాని మీదే వారం రోజులు పని చేశాను. గరగర తగ్గించే ఫిల్టర్లు వేశాను, పై ఫ్రీక్వెన్సీలు కోశాను, చివర ఫేడ్ పెట్టాను. ఏదీ పనిచేయలేదు. పైగా ఒక విచిత్రం: అక్క పాడుతున్నంతసేపూ మోత కాస్త తక్కువగానే ఉంది. ఆమె ఆపేసిన తర్వాత, నిశ్శబ్దం ఉండాల్సిన చోట, అది రెట్టింపయింది.

అక్కకు వినిపించాను. ఆమె రెండుసార్లు విని, "ఒరేయ్, రాగం నాదే. గొంతు మాత్రం నాది కాదురా" అంది.

ఆ మాట దగ్గరే నేను ఆగాల్సింది. పాడైపోయిన ఫైల్లో రాగం నిలవదు. స్వరం స్వరం సరిగ్గా దాని చోట ఉండి, గొంతు మాత్రమే మారిందంటే బైట్లు భద్రంగా ఉన్నట్టే. వాటిని చదివిన పద్ధతి తప్పింది. ఇది సైన్డ్, అన్‌సైన్డ్ తేడా, అంటే నెగటివ్ అంకెలు ఉండే లెక్కకూ లేని లెక్కకూ ఉన్న తేడా. ఈ సంగతి నాకు ఎప్పుడో తెలుసు, కానీ ఇన్నేళ్ళు వాడక మరిచిపోయాను. దీన్ని బాగుచేసింది స్కిజమ్ ట్రాకర్. ఈ రివ్యూ దాని గురించే. ఇంకా చెప్పాలంటే అందులోని ఒక్క కమాండ్ గురించి.

స్కిజమ్ ట్రాకర్ అంటే తెలియని వాళ్ళకు రెండు మాటలు. ట్రాకర్ అంటే శాంపిళ్ళను వరసల్లో పేర్చి పాట కట్టే ప్రోగ్రాం. 1995లో జెఫ్రీ లిమ్ డాస్ కోసం రాసిన ఇంపల్స్ ట్రాకర్‌ను ఇప్పటి కంప్యూటర్లలో నడిచేలా మళ్ళీ కట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. చూడటానికి అక్షరాలతో కట్టిన పాత డాస్ స్క్రీన్‌లాగే ఉంటుంది. మౌస్‌తో దాదాపు పని ఉండదు. ఎఫ్3 నొక్కితే శాంపిళ్ళ పేజీ వస్తుంది. ఎడమవైపు పేర్ల వరస. కుడివైపు స్పీడ్, లూప్ (మళ్ళీ మళ్ళీ మోగే భాగం) మొదలు, లూప్ చివర, 8 బిట్లా 16 బిట్లా, పొడవెంత అనే గళ్ళు, వాటి దగ్గరే శాంపిల్ గీత బొమ్మ. కీబోర్డ్ అక్షరాలే పియానో మెట్లు. అక్షరం నొక్కగానే శాంపిల్ మోగుతుంది. వినడానికి ప్లే బటన్ వెతుక్కోనక్కర్లేదు.

ఎడిటర్ మార్చిన ఆ వేవ్ ఫైలునే, ఇంకా ఏ ఫిల్టరూ తగలని మొదటి కాపీని, ఇందులోకి తెచ్చాను. అదే మోత. ఆల్ట్ పట్టుకుని ఏ నొక్కాను. శాంపిల్ మార్చమంటావా అని అడిగింది. ఓకే అన్నాను. కళ్ళ ముందే గీత బొమ్మ మారిపోయింది. పైకీ కిందికీ చీలి అంచులు పట్టుకున్న రెండు ముక్కలూ మధ్యకు వచ్చి ఒకటయ్యాయి. కీ నొక్కితే అక్క గొంతు. కొంచెం బరక, 8 బిట్ల బరక. కానీ అక్కే.

లోపల ఏం జరిగిందో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. 8 బిట్లలో 256 విలువలు పడతాయి. స్పీకర్ పొర ముందుకీ వెనక్కీ కదలాలి కాబట్టి ధ్వనికి ఒక మధ్యబిందువు కావాలి. సైన్డ్ పద్ధతిలో ఆ మధ్య సున్నా. విలువలు −128 నుంచి +127 దాకా. అన్‌సైన్డ్ పద్ధతిలో మధ్య 128, విలువలు 0 నుంచి 255 దాకా. ధ్వని ఒకటే, లెక్క మొదలుపెట్టే చోటు వేరు. తంటా అంతా సైన్డ్‌లో నెగటివ్ అంకెలను బైట్‌గా రాసే తీరులో ఉంది. −1 ని రాస్తే బైట్‌లో 255 కనిపిస్తుంది. −4 ని రాస్తే 252.

ఒక మెత్తటి ధ్వని చిన్న ముక్క తీసుకోండి: 0, 3, 5, 2, −1, −4, −2, 1. మధ్యగీత చుట్టూ నెమ్మదిగా పైకి లేచి కిందికి దిగే అల. సైన్డ్ ఫైల్లో ఇది 0, 3, 5, 2, 255, 252, 254, 1 అనే బైట్లుగా ఉంటుంది. ఇదే ఫైలును అన్‌సైన్డ్ అనుకుని చదివే ప్రోగ్రాం ప్రతిదానిలోంచీ 128 తీసేస్తుంది. అప్పుడు దానికి కనిపించేది −128, −125, −123, −126, +127, +124, +126, −127. నాలుగో విలువ నుంచి ఐదోదానికి అసలు ధ్వని కదిలింది మూడు మెట్లు. తప్పుగా చదివితే 253 మెట్ల దూకుడు. అల మధ్యగీత దాటిన ప్రతిసారీ స్పీకర్ ఈ చివర నుంచి ఆ చివరకు ఎగిరిపడుతుంది. గరగర అదే.

అక్క మాట ఎందుకు నిజమో కూడా ఇక్కడే తెలుస్తుంది. అల మధ్యగీతను ఎప్పుడు దాటుతుందో ఆ సమయం మారలేదు. స్వరం ఎత్తు తెలిసేది ఆ దాటడాల లయలోనే కాబట్టి రాగం నిలిచింది. నిశ్శబ్దం దగ్గర మోత పెరగడానికీ ఇదే కారణం. గదిలోని చిన్న గాలి చప్పుడు 1, −1, 0, −1 అని మధ్యగీత దగ్గరే ఆడుతూ ఉంటుంది. తప్పుగా చదివినప్పుడు అది మొత్తం ఎత్తున పైకీ కిందికీ కొట్టుకుంటుంది. గట్టిగా పాడిన చోట అల శిఖరాలు మధ్యగీతకు దూరంగా ఉంటాయి, తప్పు చదువులో అవి మధ్యకు దగ్గరగా వచ్చి పడతాయి. అందుకే గట్టి చోట్ల మోత నెమ్మదిస్తుంది, మెత్తని చోట్ల విరుచుకుపడుతుంది. మీ దగ్గరున్న శాంపిల్ ఇలా తలకిందులుగా వినిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు, ఇది సైన్ తప్పే. ఒక్కో విలువకు రెండు బైట్లుండే 16 బిట్ల ఫైల్లో ఆ బైట్ల వరస తారుమారైతే వినిపించేది ఇలా ఉండదు. అది వానలాంటి తెల్లని హోరు, అందులో రాగం పట్టుకోవడం కష్టం.

ఆల్ట్-ఏ చేసే పని ప్రతి బైట్‌లో అన్నిటికన్నా పైనున్న ఒక్క బిట్‌ను తిప్పడం. సున్నా ఉంటే ఒకటి, ఒకటి ఉంటే సున్నా. 128 కలిపి, 255 దాటితే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టినా అదే జవాబు. 16 బిట్ల శాంపిల్ అయితే 32,768 తో అదే పని. నాకు ఈ కమాండ్ మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం ఇక్కడుంది: ఇందులో ఏదీ పోదు. గుండ్రం చేయడం లేదు, అంచనా లేదు, కొత్త సద్దు కలపడం లేదు. మళ్ళీ నొక్కితే మొదటి బైట్లే ఒక్క బిట్ తేడా లేకుండా తిరిగొస్తాయి. సైన్డ్‌ను అన్‌సైన్డ్ చేయడానికీ, అన్‌సైన్డ్‌ను సైన్డ్ చేయడానికీ ఒకే మీట చాలు, ఎందుకంటే రెండూ ఒకటే లెక్క. ఫైలు ఏ పద్ధతిదో మీకు తెలియకపోయినా ఫరవాలేదు. నొక్కండి, వినండి, బాగోకపోతే మళ్ళీ నొక్కండి. శబ్దాలతో చేసే పనుల్లో ఇంత భయం లేని పని అరుదు.

ఈ రెండు పద్ధతులూ ఎందుకొచ్చాయంటే, రెండిటికీ వాటి న్యాయం ఉంది. శబ్దాలను కలపాలన్నా, వాల్యూమ్ తగ్గించాలన్నా మధ్య సున్నా అయితే లెక్క సుళువు. రెండు శాంపిళ్ళను కూడితే చాలు, సగం చేయాలంటే రెండుతో భాగిస్తే చాలు. 1985లో వచ్చిన అమిగా కంప్యూటర్‌లో ధ్వని పని చూసే పౌలా చిప్ సైన్డ్ 8 బిట్ల శాంపిళ్ళనే తీసుకునేది. దాని మీద పుట్టిన మాడ్ అనే ట్రాకర్ పాటల ఫైళ్ళలోని శాంపిళ్ళు అందుకే సైన్డ్. మరోవైపు, అంకెను నేరుగా వోల్టేజ్‌గా మార్చే సర్క్యూట్‌కు 0 అంటే అట్టడుగు, 255 అంటే నడినెత్తి అనుకోవడమే సహజం. 1989 నాటి సౌండ్ బ్లాస్టర్ అనే సౌండ్ కార్డు అన్‌సైన్డ్ 8 బిట్లు అడిగేది. అందుకని ఆ కార్డు మీద మాడ్ ఫైలు మోగించే ప్రోగ్రాంలు శాంపిళ్ళన్నిటినీ ఎక్కడో ఒకచోట తిప్పుకోక తప్పేది కాదు.

1991లో వచ్చిన వేవ్ ఫార్మాట్ ఈ విషయంలో కాస్త తికమక పెడుతుంది. 8 బిట్ల వేవ్ అన్‌సైన్డ్, 16 బిట్ల వేవ్ సైన్డ్. ఒకే ఫార్మాట్, రెండు నియమాలు. దానికన్నా ముందే, 1988లో వచ్చిన ఏఐఎఫ్ఎఫ్ అనే ఆడియో ఫార్మాట్‌లో 8 బిట్లయినా సైన్డే. స్క్రీమ్ ట్రాకర్ 3 అనే ఇంకో పాత ట్రాకర్ తన ఎస్3ఎం పాట ఫైల్లో ఇది సైన్డా అన్‌సైన్డా అని చెప్పే అంకెనే ఒకటి పెట్టుకుంది: 1 అయితే సైన్డ్, 2 అయితే అన్‌సైన్డ్. ఇంపల్స్ ట్రాకర్ అయితే తన దారినే మధ్యలో మార్చుకుంది. 2.01 వెర్షన్ దాకా అన్‌సైన్డ్ రాసి, 2.02 నుంచి సైన్డ్ రాయడం మొదలుపెట్టింది. ఇలాంటి ఇల్లు కట్టినవాడు శాంపిల్ పేజీలోనే ఈ మార్పిడికి ఒక మీట పెట్టాడంటే ఆశ్చర్యం లేదు. స్కిజమ్ వాళ్ళు దాన్ని అలాగే నిలబెట్టారు. అందుకు నేను వాళ్ళకు రుణపడి ఉన్నాను.

ఇక ఈ మీటతో మెలిగేటప్పుడు నాకు తగిలిన దెబ్బలు. మొదటిది నా ఫిల్టర్ల కథ. ఆ వారం రోజుల్లో తయారుచేసిన కాపీల మీద కూడా ఆల్ట్-ఏ నొక్కి చూశాను. ఒక్కటీ బాగుపడలేదు. కారణం ఆలోచిస్తే తెలిసింది. తప్పుగా చదివిన అలలో −126 పక్కన +127 ఉంది. శాంపిల్‌ను సాగదీసినా, మెత్తబరిచే ఫిల్టర్ వేసినా ఆ రెండిటి మధ్య కొత్త విలువలు పుడతాయి. సగం దారిలో సున్నా దగ్గర ఒకటి. ఇప్పుడు బిట్ తిప్పితే −126 కాస్తా 2 అవుతుంది, +127 కాస్తా −1 అవుతుంది. రెండూ పొరుగువాళ్ళే, బాగుంది. కానీ మధ్యలో పుట్టిన ఆ సున్నా −128 అవుతుంది. మెత్తటి అలలో ఒక నిలువు ముల్లు. అల మధ్యగీత దాటిన ప్రతిచోటా ఒక్కో ముల్లు. ఫేడ్ పెట్టినా ఇంతే, బైట్ల విలువలు మారిపోయాక తిప్పడానికి అసలు బైటే ఉండదు. కాబట్టి సైన్ సరిచేయడం మొట్టమొదటి పని. గరగర వినగానే ఫిల్టర్ మీదకు చెయ్యి పోతుంది, ఆపుకోండి. నా అదృష్టం కొద్దీ ఏదీ చేయని కాపీ ఒకటి మిగిలింది.

రెండోది, సేవ్ చేసేటప్పుడు. 8 బిట్ల వేవ్ అన్‌సైన్డ్ అని నాకు తెలుసు కదా, ఆ తెలివితో ఎగుమతికి ముందు ఆల్ట్-ఏ ఒకసారి నొక్కి, తర్వాత ఆల్ట్-టీతో వేవ్‌గా సేవ్ చేశాను. బయట ప్లే చేస్తే మళ్ళీ అదే మోత. ఆ ఫార్మాట్‌కు కావలసిన మార్పిడి సేవ్ చేసేటప్పుడు ప్రోగ్రాం తనంతట తానే చేసుకుంటుంది. మీరు చేయాల్సిందల్లా స్క్రీన్ మీద గీత మధ్యలో ఉండేట్టు, చెవికి సరిగ్గా వినిపించేట్టు చూసుకోవడం. మిగతాది ఫైలు రాసే కోడ్ పని. ఫార్మాట్ల జ్ఞానం కన్నా గీత బొమ్మనే నమ్మడం మంచిది.

అదే పేజీలో ఆల్ట్-ఐ ఉంది, ఆల్ట్-హెచ్ ఉంది. మొదటిసారి చూసినవాళ్ళు వీటినీ ఆల్ట్-ఏనీ కలిపేసుకుంటారు. ఆల్ట్-ఐ అలను తలకిందులు చేస్తుంది. ప్లస్ మైనస్ అవుతుంది, మైనస్ ప్లస్ అవుతుంది. ఒంటరిగా వింటే చెవికి తేడా తెలియదు, గరగర మాత్రం అలాగే ఉంటుంది. ఆల్ట్-హెచ్ మొత్తం అలను మధ్యకు జరుపుతుంది. పక్కకు ఒరిగిన రికార్డింగులకు అది మందు. సైన్ తప్పిన శాంపిల్‌కు అది పనిచేయదు, ఎందుకంటే ఆ అల ఒరగలేదు, రెండుగా చీలింది. ఆల్ట్-క్యూ దగ్గర మాత్రం ఇంకొంచెం జాగ్రత్త కావాలి. అది 8 బిట్లకూ 16 బిట్లకూ మధ్య మార్చేది. అదీ శాంపిల్ మార్చమంటావా అనే అడుగుతుంది. కానీ అక్కడ కాదు అంటే పని ఆగదు. విలువలను మార్చకుండా, అవే బైట్లను కొత్త వెడల్పులో చదువుతుంది. 16 బిట్ల శాంపిల్ 8 బిట్లుగా లోపలికి వచ్చినప్పుడు అదే కావాలి కూడా. అలవాటయ్యేదాకా ప్రశ్న చదివి నొక్కండి.

ఫైలు మొదట్లో దాని వివరాలు రాసే భాగాన్ని హెడర్ అంటారు. దాని విషయంలో ఒక చిట్కా చెప్పాలి. ఆ ఫోల్డర్‌లో కొన్ని ఫైళ్ళకు ముందు కొన్ని బైట్ల చెత్త ఉంది, ఏ ప్రోగ్రాం రాసిందో గుర్తులేదు. పేరూ ఊరూ లేని ఫైలును కూడా స్కిజమ్ రా శాంపిల్‌గా, అంటే ఉత్త బైట్ల వరసగా, లోపలికి తెచ్చుకుంటుంది, అప్పుడు ఆ చెత్త కూడా ధ్వనిలాగే వస్తుంది. మొదట్లో టక్కుమని ఒక చప్పుడు. ఈ పేజీలో గీత మీద ఒక భాగాన్ని ఎంచుకుని కోసే వీలు లేదు. దానికి దారి ఏమిటంటే, లూప్ ఆన్ చేసి, మొదలును హెడర్ అయిపోయిన చోట పెట్టి, ఆల్ట్-బీ నొక్కడం. లూప్‌కు ముందున్నదంతా పోతుంది. తర్వాత లూప్ తీసేయొచ్చు. చుట్టుదారే, కానీ బైట్ లెక్కన కచ్చితంగా కోయొచ్చు.

దీనికి బదులు వేరేవి వాడొచ్చు కదా అంటారు. వాడొచ్చు, నేనూ వాడతాను. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో రా డేటాను దిగుమతి చేసే డైలాగ్ చాలా బాగుంటుంది. సైన్డ్ 8 బిట్లా, అన్‌సైన్డ్ 8 బిట్లా, బైట్ల వరస ఏది, ఎన్నో బైట్ నుంచి చదవాలి, సెకనుకు ఎన్ని శాంపిళ్ళు, అన్నీ ముందే చెప్పొచ్చు. హెడర్ లేని మూల ఫైలు చేతిలో ఉంటే అదే దగ్గరి దారి. కానీ తప్పు చదువు ఇప్పటికే వేవ్‌లోకి ఎక్కి కూర్చుంటే, అది మంచి వేవ్‌లాగే తెరుచుకుంటుంది, మీరు మళ్ళీ వెనక్కి రా దారిలో పోవాలి. ఇంకో మాట. ఆడాసిటీ లోపల శాంపిళ్ళను 32 బిట్ల ఫ్లోట్‌గా, అంటే దశాంశ అంకెలుగా, పెట్టుకుంటుంది. 8 బిట్లకు ఎగుమతి చేసేటప్పుడు డిథర్ అనే సన్నని సద్దు కలపొచ్చు. సంగీతానికి అది మంచిదే, బైట్లను ఉన్నవి ఉన్నట్టు కాపాడాలంటే మాత్రం సెట్టింగుల్లో డిథర్‌ను ఆపేయాలి.

ఓపెన్ఎంపీటీ అనే ఇంకో ట్రాకర్‌లోనూ శాంపిల్ ఎడిటర్‌లో ఈ మార్పిడికి బటన్ ఉంది. ఎంచుకున్న భాగం మీదే పనిచేయించుకోవచ్చు, స్కిజమ్‌లో లేని సుఖం అది. విండోస్ వాడేవాళ్ళకు, మౌస్‌తోనే అలవాటైనవాళ్ళకు అదే నప్పుతుంది.

పెద్ద గుట్ట ఉంటే సాక్స్. 1991 నుంచి ఉన్న కమాండ్ లైన్ పనిముట్టు, బొమ్మలు లేవు, గీతలు లేవు. ఫైలు పేరు చివర ఎస్8 ఉంటే సైన్డ్ 8 బిట్లు, యు8 ఉంటే అన్‌సైన్డ్ 8 బిట్లు అనుకుంటుంది. పేర్లు సరిచేసి, ఫైళ్ళను ఒక్కొక్కటిగా ఇచ్చే చిన్న స్క్రిప్ట్ రాస్తే మొత్తం ఫోల్డర్‌ను కాఫీ కలిపేలోపు వేవ్‌లుగా మార్చేస్తుంది. కానీ ఏ ఫైలు ఏ పద్ధతిదో దానికి మీరే చెప్పాలి. నా 212 లో రెండు రకాలూ కలిసిపోయి ఉన్నాయి. సొంతంగా రికార్డు చేసినవి ఒకరకం, ఎప్పుడో హెడర్ కోసేసి తెచ్చుకున్నవి ఇంకోరకం. కాబట్టి రెండు రాత్రులు కూర్చుని స్కిజమ్‌లో ఒక్కొక్కటే తెచ్చుకున్నాను. కీ నొక్కడం, వినడం, గరగరమంటే ఆల్ట్-ఏ, మళ్ళీ కీ. ఒక్కోదానికి పది సెకన్లు కూడా పట్టలేదు. విన్నవాటిని రెండు ఫోల్డర్లుగా విడదీసి, అప్పుడు సాక్స్‌కు ఇచ్చాను. చెవి పని స్కిజమ్‌లో, చేతి పని సాక్స్‌లో. ఈ జోడీ నాకు బాగా కుదిరింది.

స్కిజమ్‌లో నాకు నచ్చనివి లేకపోలేదు. గీత బొమ్మ చిన్నది, దగ్గరకు లాగి చూసే వీలుంటే ఎంత బాగుండేదో. కొన్ని డెస్క్‌టాప్‌లలో ఆల్ట్ కీని విండోలు కదిపే ప్రోగ్రాం ముందే పట్టేసుకుంటుంది, అప్పుడు ఆ షార్ట్‌కట్‌లను అక్కడ ఆపుకోవాలి. ట్రాకర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు మొదటి గంట బెదిరిపోతారు. ఎఫ్1 నొక్కితే వచ్చే సహాయం పేజీలో మీటలన్నీ వరసగా ఉంటాయి, ఆ గంట గడిస్తే చేతులు వాటంతట అవే వెళ్తాయి. పాటలు కట్టడానికి మీరు వేరే సాఫ్ట్‌వేర్ వాడుకున్నా, శాంపిళ్ళు శుభ్రం చేసుకునే బల్లగా దీన్ని కంప్యూటర్‌లో పెట్టుకోమని నేను గట్టిగా చెబుతాను. ఇది పట్టించుకున్నంత శ్రద్ధగా బైట్లను పట్టించుకునే పనిముట్టు చేతిలో ఉంటే, పాత డిస్కుల మీద ఉన్నవాటిని పాడయ్యాయని పారేయం. నేను ఆ ఫోల్డర్‌ను దాదాపు పారేశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టవుతుంది.

అక్క4 ను బాగుచేశాక అక్కను మళ్ళీ కూర్చోబెట్టాను. హెడ్‌ఫోన్ పెట్టి కీ నొక్కాను. మూడు సెకన్ల కూనిరాగం, ఆపైన ఇంతకుముందు మోత విరుచుకుపడిన ఆ చివరి సెకను. ఇప్పుడక్కడ చిన్న ఊపిరి ఉంది. దాని వెనక, కుర్చీ జరిగినట్టు సన్నగా ఒక కిర్రు.

"అయిపోయిందనుకుని లేచానురా," అంది. "ఇంకోసారి పెట్టు."

ఆ చివరి సెకనును నేను కోయలేదు.